వేడెక్కాక అంబాసిడర్ ఆయిల్ ముల్లు పడిపోతోంది, ఇంజన్ విప్పాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. గుంటూరులో 1972 మార్క్ 2 అంబాసిడర్ కొన్నారు, పెట్రోలు బండి. డ్యాష్‌బోర్డు కింద పాత యజమాని బిగించుకున్న గుండ్రటి ఆయిల్ ప్రెషర్ గేజ్ ఒకటి ఉంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే ముల్లు 60 దగ్గరికి పోతుంది. మధ్యాహ్నం ఎండలో విజయవాడ వచ్చి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద సిగ్నల్‌లో ఆగేసరికి 12కి పడుతుంది, కాస్త రైజ్ చేస్తే మళ్లీ 40 దాకా లేస్తుంది. ఒక మేస్త్రి ఇంజన్ దించి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేయించాల్సిందేనన్నాడు, ఇంకొకాయన చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి అని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. మీరు రాసిన అంకెలు నిజమైనవే అయితే ఆ ఇంజన్‌కి ఏమీ కాలేదు, యాభై ఏళ్లు దాటిన బండికి అవి మంచి రీడింగులే. ముందు ఆ అంకెలు నిజమో కాదో తేల్చుకోండి. ఇంజన్ మీద పాన పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత సంగతి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా పెట్రోలు బండ్ల పని చేశాను, మొదట మా మేస్త్రి గారి దగ్గర పానలు అందించే కుర్రాడిగా, తర్వాత సొంత షెడ్డులో. ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, పాత బండి ఏదైనా వచ్చిందంటే మాత్రం నేనే లేచి వెళ్తాను. ఈ ఆయిల్ ముల్లు చూసి భయపడి అనవసరంగా ఇంజన్ విప్పించుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో లెక్కలేదు. ముల్లు బాగానే ఉందని ధీమాగా తిరిగి బేరింగులు పోగొట్టుకున్నవాళ్లనీ చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట మీ గేజ్ మీద ఉన్న అంకెలు ఏ లెక్కలో ఉన్నాయో చూసుకోండి. మీరు చెప్పిన 60, 40, 12 అనేవి పౌండ్లు, అంటే పీఎస్ఐ. టైర్లలో గాలికి వాడే లెక్కే. కొన్ని గేజ్‌ల మీద కేజీల లెక్క ఉంటుంది, 0 నుంచి 7 దాకానో 10 దాకానో. ఒక కేజీ అంటే 14 పౌండ్ల పైచిలుకు. బార్ అని ఉన్నా దాదాపు అంతే, 14.5. ఈమధ్య ఒకాయన ఫోన్ చేసి ‘ముల్లు మూడే చూపిస్తోందండీ, బండి రోడ్డు పక్కన ఆపేశాను’ అని కంగారు పడ్డాడు. తీరా చూస్తే కేజీల గేజ్. మూడు కేజీలంటే 43 పౌండ్లు, ఆయన బండి భేషుగ్గా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది ఆయిల్ పంపు ప్రెషర్ పుట్టిస్తుందనుకుంటారు. పంపు చేసే పని ఆయిల్‌ని తోయడం వరకే, ఎదురుగా అడ్డు ఉంటేనే ప్రెషర్ వస్తుంది. మీది గుంటూరు కాబట్టి మిరప తోటలో డ్రిప్ చూసే ఉంటారు. మోటారు అదే, నీళ్లూ అవే, కానీ పైపుకి కన్నాలు పెద్దవైపోయాయనుకోండి, చివరి సాలులో మొక్కకి చుక్క కూడా అందదు. మోటారు చెడిపోయిందా? లేదు, నీళ్లు దారిలోనే కారిపోతున్నాయి. ఇంజన్‌లో ఆ కన్నాలే మెయిన్ బేరింగులు, బిగ్ ఎండ్ బేరింగులు, క్యామ్ బుష్‌లు, అంటే తిరిగే ఇరుసుల్ని మోసే లోహపు తొడుగులు. క్రాంక్‌కీ బేరింగ్‌కీ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది, సుమారుగా ఒకటి నుంచి రెండున్నర థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో. ఆయిల్ ఆ సందులోంచి కారుతూనే ఉండాలి, కారితేనే క్రాంక్ ఆయిల్ మీద తేలుతూ తిరుగుతుంది. ఇక్కడే ఒక చిక్కు లెక్క ఉంది. సందు రెండింతలైతే కారే ఆయిల్ రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. అందుకే బేరింగు కొంచెం అరిగినా ముల్లు అంత గట్టిగా పడుతుంది.

ఇంకోవైపు వేడి. 20డబ్ల్యూ-50 ఆయిల్ తీసుకోండి, 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంతో పోలిస్తే 100 డిగ్రీల దగ్గర దాదాపు తొమ్మిదో వంతే మిగులుతుంది. పొద్దున తేనెలా ఉన్నది మధ్యాహ్నానికి పల్చటి మజ్జిగలా అయిపోతుందన్నమాట. పంపు వేగం ఇంజన్ వేగాన్ని బట్టే ఉంటుంది, స్లోలో ఉన్నప్పుడు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, పంపు నెమ్మదిగా తిరుగుతూ తక్కువ ఆయిల్ తోస్తుంది. ఆయిల్ పల్చన, తోసేది తక్కువ, ఈ రెండూ కలిసిన చోటే మీ 12 వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదండీ, ఆ ఎండకి వారధి దాటి ట్రాఫిక్‌లో పావుగంట నిలబడితే ఏ పాత ఇంజన్‌కైనా ముల్లు పడుతుంది. పడకుండా నిలబడి ఉంటేనే నాకు గేజ్ మీద అనుమానం వస్తుంది.

మరి ఎంత ఉంటే మంచిది? మీ బండిలో ఉన్న 1489 సీసీ ఇంజన్ బ్రిటన్ బీఎంసీ వాళ్ల బి-సిరీస్, బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కార్లలోనూ ఇదే ఉండేది. ఎంజీ స్పోర్ట్స్ కార్లలో ఉన్నదీ ఈ కుటుంబమే. ఇంజన్ చెక్కు చెదరకుండా ఉంటే బండి నడుస్తున్నప్పుడు 50 దగ్గర, వేడి మీద స్లోలో 15 దగ్గర ఉండటం ధర్మం. అరిగిన ఇంజన్లకి నేను వాడే లెక్క పాతకాలపు మోటు లెక్కే: నిమిషానికి ప్రతి 1000 తిప్పుళ్లకి 10 పౌండ్లు, అదీ బాగా వేడెక్కాక. మీ బండికి ఆర్‌పీఎం మీటరు ఉండదు కాబట్టి టాప్ గేరులో 50 కిలోమీటర్ల వేగం అంటే సుమారు 1800 నుంచి 2000 తిప్పుళ్లు అనుకోండి. అక్కడ 20 ఉంటే బండి నడుస్తుంది, 30 ఉంటే నేను దిగులు పడను. మీకు 40 ఉందంటున్నారు.

అయితే మీరు ‘కాస్త రైజ్ చేస్తే 40’ అన్నారు గానీ, అది సిగ్నల్‌లో నిలబడి తొక్కిందా, రోడ్డు మీద వెళ్తుంటే చూసిందా రాయలేదు. నిలబెట్టి ఒక్కసారి తొక్కితే ముల్లు ఎగురుతుంది, దాన్ని నమ్మలేం. గుంటూరు నుంచి మంగళగిరి దాకా ఆపకుండా నడపండి, ఆ తర్వాత టాప్ గేరులో 50 మీద నిలకడగా పోతూ చూడండి. చాలామంది టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే ఇంజన్ వేడెక్కిందనుకుని రీడింగు రాసేస్తారు. నీళ్లు పది నిమిషాల్లో వేడెక్కుతాయి, ఆయిల్‌కి ఇంకా చాలాసేపు పడుతుంది. అరగంటైనా నడిపాక చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

పొద్దున కనపడే 60ని చూసి మురిసిపోకండి. ఆ అంకె బేరింగుల గురించి దాదాపు ఏమీ చెప్పదు. చల్లటి ఆయిల్ ఎంత అరిగిన ఇంజన్‌లోనైనా ప్రెషర్ చూపిస్తుంది. పైగా ఆ పై హద్దుని నిర్ణయించేది రిలీఫ్ వాల్వు. ఒక చిన్న స్ప్రింగు, దాని ముందు బిళ్ల, ప్రెషర్ హద్దు దాటితే బిళ్ల వెనక్కి జరిగి ఎక్కువైన ఆయిల్‌ని మళ్లీ చాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి వదిలేస్తుంది. మీ ఇంజన్‌కి అది బ్లాకుకి ఎడమ వైపు వెనక భాగంలో, గుండ్రటి తల ఉన్న నట్టు కింద ఉంటుంది.

ఈ నట్టు గురించి ఒక కథ చెప్పాలి. కొన్నేళ్ల క్రితం తెనాలి నుంచి ఒక కుర్రాడు అంబాసిడర్ కొని తెచ్చాడు. అమ్మినవాళ్లు ‘ప్రెషర్ చూడండి, కొత్త ఇంజన్‌లా ఉంది’ అని చూపించారట. నిజంగానే పొద్దున ముల్లు 90 చూపించేది! నెల తిరక్కుండానే రెండుసార్లు ఆయిల్ ఫిల్టర్ సీలు పగిలి రోడ్డంతా ఆయిల్. వేడెక్కాక స్లోలో చూస్తే 8. నేను ఆ గుండ్రటి నట్టు విప్పాను, స్ప్రింగు వెనక మూడు వాషర్లు బయటికి వచ్చాయి. స్ప్రింగుని బిగదీసి పై అంకె పెంచారు, అంతే. రిలీఫ్ వాల్వు అసలు తెరుచుకోని స్లో స్పీడులో ఆ వాషర్లు చేసేదేమీ ఉండదు, అందుకే 8 అలాగే ఉంది. పాత బండి కొనేటప్పుడు చల్లటి ఇంజన్ మీద ప్రెషర్ చూపించి బేరం ముగించేద్దామని చూస్తే, ఓ ముప్పై కిలోమీటర్లు తిప్పుకొచ్చి మాట్లాడదాం అనండి. మీరు కొనేశారు కాబట్టి ఒకసారి ఆ నట్టు విప్పి చూసుకోండి, పది నిమిషాల పని. బిళ్ల కూర్చునే చోట చెత్త గాని గీత గాని ఉంటే అది పూర్తిగా మూసుకోదు, అప్పుడు ఇంజన్ ఎంత బాగున్నా స్లోలో ప్రెషర్ కారిపోతుంది. శుభ్రం చేసి, కొత్త స్ప్రింగు, కొత్త బిళ్ల వేస్తే ముల్లు లేచి కూర్చున్న బండ్లు నా చేతి మీద చాలా ఉన్నాయి.

ఇక గేజ్. మీది తర్వాత బిగించినది కాబట్టి నాకు మొదటి అనుమానం దాని మీదే. అది సన్నటి పైపుతో ఆయిల్ నేరుగా గేజ్ దాకా వచ్చే రకమా, లేక వైరుతో నడిచే కరెంటు రకమా చూడండి. కరెంటు రకమైతే బ్లాకుకి బిగించిన సెండర్ (ప్రెషర్ కొలిచి గేజ్‌కి పంపే ముక్క) పాతబడినా, ఎర్త్ సరిగ్గా లేకపోయినా అబద్ధం చెబుతుంది. హెడ్‌లైట్లు వేయగానే ఆయిల్ ముల్లు కదిలితే అది వైరింగ్ జబ్బు, ఇంజన్‌ది కాదు. సెండర్ మరలకి తెల్లటి ప్లంబింగ్ టేపు చుట్టలు చుట్టలుగా చుట్టి ఎర్త్ తెంపేసినవాళ్లూ ఉన్నారు.

పైపు రకమైతే అంకె మీద నమ్మకం ఎక్కువ, కానీ పైపు ఏదో చూడండి. ప్లాస్టిక్ పైపు అయితే సైలెన్సర్ మానిఫోల్డ్ దగ్గరగా పోతోందా, బాడీ కన్నంలో ఒరుసుకుంటోందా చూసుకోండి. అది తెగిందంటే వేడి ఆయిల్ మీ కాళ్ల మీద పడుతుంది, మీరు కాళ్లు చూసుకునేలోగా చాంబర్ ఖాళీ అవుతుంది. రాగి పైపు మంచిదే గానీ అదురుకి గట్టిపడి పగులుతుంది, ఇంజన్ దగ్గర ఒకటి రెండు చుట్లు వదులుగా తిప్పి వదలాలి, లేదా బ్లాకు దగ్గర చిన్న రబ్బరు హోస్ వేయాలి. స్లోలో ముల్లు సన్నగా వణికితే భయపడకండి, పైపు రకంలో అది మామూలే.

నిజం తెలియాలంటే ఇంకో మంచి గేజ్ తెచ్చి నేరుగా బ్లాకుకే బిగించి చూడటం ఒక్కటే మార్గం. ఆటోనగర్‌లో ఏ మంచి షెడ్డులోనైనా హోస్‌తో ఉన్న టెస్ట్ గేజ్ ఉంటుంది. ఇంజన్ వేడిగా ఉండగా బిగించి, స్లోలో ఎంత, రైజ్ చేసి నిలిపితే ఎంత, రెండూ రాసుకోండి. సూర్యారావుపేటలో ఒక డాక్టరు గారి బండి ఇలాగే స్లోలో 5 చూపిస్తోందని వేరే చోట ఇంజన్ మొత్తం విప్పించారు. బేరింగులు మార్చారు, పంపు మార్చారు, బిల్లు ఆయన మాటల్లో ‘ఒక ఆపరేషన్ అంత’ అయింది. బండి బయటికి తెచ్చాక మళ్లీ 5! అప్పుడు నా దగ్గరికి వచ్చారు. నా టెస్ట్ గేజ్ పెడితే 22. పాత గేజ్ ముల్లే కిందికి జరిగి కూర్చుంది, ఇంజన్ ఆపినా సరిగ్గా సున్నా మీదికి వచ్చేది కాదు. ఆ పాత బేరింగులు ఆయన ఇంకా డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నారు, నాకు చూపించారు కూడా, వాటికి ఇంకా చాలా జీవితం ఉంది.

ఇప్పుడు రెండో మేస్త్రి సలహా, చిక్కటి ఆయిల్. ఈ ఇంజన్‌కి మన ఎండలకి 20డబ్ల్యూ-50 సరైనది, నేను వేరేది పోయను. బండిలో ఇప్పుడు ఏముందో మీకు తెలుసా? కొన్న బండి కదా, ఎవరైనా కొత్త కార్లకి పోసే పల్చటి ఆయిల్ పోసి ఉంటే, ముందు దాన్ని తీసి 20డబ్ల్యూ-50 పోయండి, ఫిల్టర్ మార్చండి, తర్వాత చూడండి. స్లోలో నాలుగైదు పౌండ్లు అక్కడే దొరకొచ్చు. ఇది వైద్యమే, ఎందుకంటే తప్పుని సరిచేస్తున్నారు. దాన్ని దాటి గేరు ఆయిల్ లాంటిదో, సీసాలో దొరికే జిగురు మందులో కలపడం మాత్రం ముల్లుని మాయ చేయడం. ముల్లు పైకి లేస్తుంది, నిజమే. కానీ పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ జిగురు బేరింగుల దాకా, పైన రాకర్ల దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. ప్రెషర్ ఎక్కువ ఉందంటే ఆయిల్ ఎక్కువ పారుతోందని అర్థం కాదండీ. పైపు మూసుకుపోయినా ప్రెషర్ పెరుగుతుంది. బేరింగులకి కావలసింది పారే ఆయిల్.

పొద్దున సెల్ఫ్ కొట్టాక ముల్లు లేవడానికి ఎంతసేపు పడుతోందో కూడా చూడండి. రెండు మూడు సెకన్లలో లేవాలి. ఏడెనిమిది సెకన్లు సున్నా మీదే ఉండి, లోపల కటకటమని చప్పుడొచ్చి అప్పుడు లేస్తోందంటే, రాత్రి ఫిల్టర్‌లోంచి ఆయిల్ వెనక్కి దిగిపోతోందన్నమాట. మంచి ఫిల్టర్ వేస్తే చాలావరకు పోతుంది.

డిప్‌స్టిక్ తీసినప్పుడు గీత చూసి పెట్టేయకుండా వాసన కూడా చూడండి. నవ్వకండి, పని చేస్తుంది. మీ బండికి క్యామ్ తిప్పే ఏసీ పంపు, అంటే పెట్రోలు పంపు, ఉంటుంది, ఎండాకాలం దాని మీద తడిగుడ్డ కప్పుకుని పోయిన రోజులు మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. ఆ పంపు లోపలి డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఒకసారి ఏలూరు రోడ్డులో ఒక పెద్దాయన బండి వచ్చింది, వారం వారం ప్రెషర్ తగ్గుతోంది, ఆయిల్ మాత్రం ‘చుక్క తగ్గట్లేదు బాబూ, ఇంకా పెరుగుతున్నట్టుంది’ అన్నారు. ఆయన సంతోషంగానే చెప్పారు, నాకు మాత్రం గుండె జారింది. డిప్‌స్టిక్ తీస్తే గుప్పుమని పెట్రోలు వాసన. ఆయిల్ లెవెల్ దానంతటదే పెరిగిందంటే మంచి జరగడం లేదు. పంపు కిట్టు వేసి, ఆయిల్ మార్చాం, ముల్లు తన చోటికి వచ్చేసింది. ఇంకో వారం తిరిగి ఉంటే బేరింగులు పోయేవి. అదే డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనపడితే నీళ్లు కలుస్తున్నాయి, అది హెడ్ గాస్కెట్ కథ, దాని జోలికి ఇప్పుడు పోను.

నా తప్పు ఒకటి చెప్పకపోతే ఇదంతా గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. సొంత షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒక అంబాసిడర్ చాంబర్ ప్యాకింగ్ దగ్గర ఆయిల్ కారుతోందని వచ్చింది. విప్పాను, కొత్త ప్యాకింగ్ వేశాను, మళ్లీ కారకూడదని సిలికాన్ పేస్టు రెండు వైపులా దండిగా పూశాను. ఒక్క చుక్క కారలేదు, మహా గర్వంగా ఉండేది. రెండు నెలల తర్వాత బండి ఓనరు ఫోన్: హైవే మీద 80లో పోతుంటే ముల్లు సన్నగా కిందికి దిగుతోంది, వేగం తగ్గిస్తే మళ్లీ లేస్తోంది. ఇది మామూలు అరుగుదలకి సరిగ్గా ఉల్టా. అరిగిన ఇంజన్ స్లోలో పడుతుంది, వేగంలో లేస్తుంది. ఇది వేగంలో పడుతోంది. నాకు అప్పుడు అర్థం కాలేదు, పంపు పోయిందనుకుని కొత్త పంపు కొనిపించాను కూడా. చాంబర్ దించి చూస్తే పంపుకి ఆయిల్ పీల్చే జాలీ నిండా నేను పూసిన సిలికాన్ ముక్కలు, పురుగుల్లా అతుక్కుని. లోపలికి పిండుకుపోయిన పేస్టు ఎండి, తెగి, జాలీకి చేరింది. వేగంలో పంపు ఎక్కువ అడుగుతుంది, మూసుకుపోయిన జాలీ ఇవ్వలేదు. ఆ పాత పంపు విప్పి కొలిస్తే బంగారంలా ఉంది, రోటర్‌కీ మూతకీ మధ్య సందు ఐదు థౌ దాటితేనే మార్చాలి, దానిది మూడు కూడా లేదు. కొత్త పంపు డబ్బు ఓనరుకి తిరిగిచ్చేశాను. మా మేస్త్రి గారికి చెబితే తిట్టలేదు, నవ్వి ఊరుకున్నారు, ఆ నవ్వే ఎక్కువ బాధేసింది.

అందుకని ముల్లు ఎంత చూపిస్తోంది అన్నదానితో పాటు ఎప్పుడు పడుతోంది అన్నది రాసుకోండి. వేడి మీద స్లోలో మాత్రమే పడితే అరుగుదల, పల్చటి ఆయిల్, లేదా రిలీఫ్ వాల్వు. వేగంలో పడితే పీల్చే దారిలో అడ్డు. మలుపుల్లోనో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో క్షణం పడి లేస్తే ఆయిల్ తక్కువుంది, చాంబర్‌లో ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తోంది. ఆ మాటకొస్తే ఆయిల్ ఎక్కువ పోసినా మంచిది కాదు, క్రాంక్ చిలికి నురగ చేస్తుంది.

ఇంకొకటి, మీ బండి స్లో ఎంత మీద పెట్టి ఉంది? మైలేజీ కోసం స్లో బాగా తగ్గించి, బండి ఆగీ ఆగనట్టు కొట్టుకునేలా పెట్టించుకోవడం మన దగ్గర అలవాటు. 450 మీద తిరిగే ఇంజన్‌ని ప్రెషర్ అడిగితే ఎక్కడి నుంచి తెస్తుంది? కార్బొరేటర్ స్క్రూ కొంచెం తిప్పి 650, 700 మీద నిలపండి. మీ 12 కాస్తా 15, 16 అయిపోతుంది, పైసా ఖర్చు లేకుండా.

ఇంజన్ నిజంగా విప్పాల్సిన రోజు ఎప్పుడంటే, బ్లాకుకి పెట్టిన టెస్ట్ గేజ్ మీద, సరైన ఆయిల్‌తో, రిలీఫ్ వాల్వు శుభ్రంగా ఉండగా, వేడి మీద 50 వేగంలో 20 కూడా లేకపోతే, స్లోలో 5 లోపు ఉంటే. లేదా బరువు మీద లాగుతున్నప్పుడు కింద నుంచి డొక్కు డొక్కుమని బరువైన చప్పుడు వస్తే, అప్పుడు ముల్లు ఎంత చూపించినా లెక్కచేయకండి. అప్పుడైనా ఇంజన్ మొత్తం దించాలని రూలేం లేదు. ముందు చాంబర్ దించి ఒకటి రెండు బిగ్ ఎండ్ క్యాపులు విప్పి బేరింగు ముఖం చూడమనండి. బూడిద రంగు పూత సమానంగా ఉంటే మంచిదే. కింద రాగి రంగు బయటపడిందంటే దాని పని అయిపోయింది. క్రాంక్ నున్నగా, కొలత సరిగ్గా ఉంటే అదే సైజు కొత్త బేరింగులతో సరిపోతుంది. గీతలు పడితేనో గుండ్రం పోతేనో గ్రైండింగ్, 10, 20, 30, 40 థౌ సైజుల్లో. మీ క్రాంక్ ఇప్పటికే ఎంత సైజులో ఉందో చూడకుండా ‘గ్రైండింగ్ చేసేద్దాం’ అనే మేస్త్రికి నేనైతే బండి ఇవ్వను. 40 అయిపోయిన క్రాంక్ అయితే గ్రైండింగ్ మాటే ఉండదు, వేరే క్రాంక్ వెతకాలి. ఈ రోజుల్లో అది చిన్న పని కాదు.

ప్రీమియర్ పద్మినీ కారు ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. గేజ్ లేకుండా ఎర్ర లైటు మాత్రమే ఉంటే, ఆ లైటు మామూలుగా ఐదారు పౌండ్ల దగ్గర వెలుగుతుంది. అంటే అది వెలిగే సరికే ఆలస్యమైపోయింది. వేడి మీద సిగ్నల్‌లో మినుకు మినుకుమంటే ఆ వారంలోనే చూపించుకోండి. నడుస్తుండగా వెలిగి నిలబడితే మాత్రం ‘ఇంకో కిలోమీటరేగా, ఇంటికి పోయి చూద్దాం’ అనకుండా అక్కడికక్కడే ఇంజన్ ఆపేయండి. మీ అంబాసిడర్‌కీ అదే మాట, ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడితే ఆపండి, అది గేజ్ అబద్ధమే కావచ్చు, డిప్‌స్టిక్ చూసి, పైపు చూసి తేల్చుకోండి. తాళం ఆన్ చేసినప్పుడు ఆ ఎర్ర లైటు వెలుగుతోందో లేదో కూడా చూసుకోండి, అమ్మేటప్పుడు బల్బు పీకేసిన బండి నేనే ఒకటి చూశాను.

మీరు చేయాల్సింది వరసగా చెప్పాలంటే ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చి స్లో సరిచేయండి, రిలీఫ్ వాల్వు విప్పి చూడండి, తర్వాత టెస్ట్ గేజ్. ఈ మూడూ కలిపి ఒక పూట పని. అప్పుడు వచ్చిన అంకెలు, చూసిన రోజు ఎండ ఎలా ఉందో కూడా కలిపి, ఒక చిన్న పుస్తకంలో రాసి బండిలోనే పెట్టుకోండి. వచ్చే ఏడాది ఇదే కాలంలో మళ్లీ చూడండి. ఈ ఏడాది 14, వచ్చే ఏడాది 13 అంటే నిశ్చింతగా తిరగండి. రెండు నెలల్లో 14 కాస్తా 8 అయితే, అది ఎవరు చెప్పినా చెప్పకపోయినా చూపించుకోవాల్సిన మార్పు.

ఎలాగూ విజయవాడ వస్తూనే ఉంటారు కాబట్టి ఆటోనగర్‌లో టెస్ట్ గేజ్ పెట్టించేట్టయితే, గుంటూరు నుంచి నేరుగా షెడ్డులోకే తీసుకెళ్లండి. దారిలో టిఫిన్‌కి ఆగారంటే ఆయిల్ చల్లబడుతుంది, రీడింగు పనికిరాదు. ఇంకో మాట, ముందు రోజు ఇంజన్ కడిగించకండి. ఎక్కడెక్కడ ఆయిల్ కారిందో ఆ మరకలే మేస్త్రికి చెబుతాయి.